లోనీ స్మిత్ కేసు తిరగదోడాలి

1991 అక్టోబరు 27 రాత్రి, మినియాపాలిస్‌లోని మెట్రోడోమ్ స్టేడియంలో, బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఆఖరి మ్యాచ్‌లో, అట్లాంటా బ్రేవ్స్ ఆటగాడు లోనీ స్మిత్ రెండో బేస్ దాటగానే తడబడి ఆగాడు. అట్లాంటాలో యాభై దాటిన వాళ్ళను ఎవరిని కదిపినా ఈ సంగతి చెబుతారు. నేను ఈ ఊరికి వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు. అయినా ఏ దారిలో ట్రాఫిక్ ఎక్కువ, ఏ స్కూలు మంచిది అన్న వివరాలతో పాటు ఇదీ నా చెవిన వేశారు: "ఆ రోజు లోనీ ఆగకుండా ఉంటే కప్పు మనదే."

తీర్పు వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. అప్పీలు లేదు, పునర్విచారణ లేదు. అక్టోబరు వచ్చిందంటే అభిమానులు ఆ అరనిమిషం వీడియో మళ్ళీ చూసుకుంటారు, నిట్టూరుస్తారు, లోనీని నాలుగు మాటలంటారు. ఆ అరనిమిషమే చూస్తున్నంత కాలం తీర్పు మారదు. దాని తర్వాతి పది నిమిషాలు చూడాలి. ఓపిక ఉంటే ఏడు మ్యాచ్‌లూ మొదటి బంతి నుంచి చూడాలి. చూసినవాళ్ళ ముందు లోనీ స్మిత్ మీద కేసు నిలబడదని నా వాదన.

బేస్‌బాల్ తెలియనివారి కోసం రెండు ముక్కలు. బంతి విసిరేవాడు పిచర్. కొట్టినవాడు మొదటి, రెండో, మూడో బేసులు తొక్కుకుంటూ బయల్దేరిన చోటికి (దాన్ని ఇల్లు అంటారు) తిరిగొస్తే ఒక పరుగు. మధ్యలో ఏ బేస్ మీదనైనా ఆగవచ్చు, తర్వాతి వాడు కొట్టినప్పుడు ముందుకు కదలవచ్చు. ముగ్గురు అవుటయితే ఆ జట్టు వంతు అయిపోతుంది. అలా ఇరు జట్లకూ తొమ్మిది ఇన్నింగ్స్. సమంగా ఉంటే తేలేదాకా ఆడాల్సిందే. ఏడాది చివర నేషనల్, అమెరికన్ అనే రెండు లీగుల విజేతల మధ్య వచ్చే ఛాంపియన్‌షిప్ పేరు వరల్డ్ సిరీస్. ఏడు మ్యాచ్‌లలో ముందుగా నాలుగు గెలిచినవాళ్ళది టైటిల్. (పేరులో ప్రపంచం ఉంది కానీ ఆడేవి అమెరికా, కెనడా జట్లే. ఇంటిముందు కొట్టుకు అంతర్జాతీయ అని బోర్డు పెట్టుకునే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం, మనం నవ్వకూడదు.)

1991లో ఈ సిరీస్‌కు చేరిన రెండు జట్లూ అంతకుముందు ఏడాది తమ తమ డివిజన్లలో అట్టడుగున ఉన్నవే. 1990లో బ్రేవ్స్ 97 మ్యాచ్‌లు ఓడింది. మొత్తం లీగుల్లో అంతకన్నా అధ్వానమైన రికార్డు ఎవరికీ లేదు. మినెసోటా ట్విన్స్ 88 ఓడింది. ఏడాది తిరిగేసరికి ఒకరు 94, ఇంకొకరు 95 మ్యాచ్‌లు గెలిచి ఎదురెదురుగా నిలబడ్డారు. జరిగిన ఏడింటిలో ఐదు మ్యాచ్‌లు ఒక్క పరుగు తేడాతో తేలాయి. మూడు మ్యాచ్‌లు తొమ్మిది ఇన్నింగ్స్ దాటి సాగాయి. చివరి మ్యాచ్‌లో ఇరు జట్లూ తొమ్మిది ఇన్నింగ్స్ పాటు ఒక్క పరుగూ చేయలేదు, పదో ఇన్నింగ్స్‌లో 1-0తో ట్విన్స్ గెలిచింది. 2003లో వరల్డ్ సిరీస్ శతాబ్ది సందర్భంగా ఈఎస్‌పీఎన్ వేసిన అత్యుత్తమ సిరీస్‌ల వరుసలో మొదటి స్థానం దీనికే ఇచ్చారు.

ఈ మ్యాచ్‌లను నేను మొత్తంగా చూసింది 2020 వసంతంలో. కరోనాతో ఆటలు ఆగిపోయి, టీవీలు పాతవి వేసుకుంటున్న రోజులు. మా పక్కింటి పెద్దాయన బ్రేవ్స్ వీరాభిమాని. గరాజ్ తలుపు పైకెత్తి, పనిముట్ల బల్ల మీద టీవీ పెట్టి, తన కుర్చీ లోపలా నా కుర్చీ బయట డ్రైవ్‌వేలోనూ వేయించేవారు. మధ్యలో ఆరడుగుల దూరం, ఎవరి శీతల పానీయం వారిది. టీవీలో లేనివి ఇంటర్నెట్‌లో వెతికి పెట్టేవాళ్ళం. ఫలితం తెలిసిన ఆట చూడటంలో ఏముంది అని మా ఆవిడ అడిగింది. రామనవమి పందిట్లో కూర్చున్నవాళ్ళకు పెళ్ళికొడుకు ఎవరో తెలియదా అన్నాను. ఆ సమాధానంతో ఆవిడ తృప్తి పడలేదు, నేనూ పడలేదు. కానీ రెండు మూడు మ్యాచ్‌లు గడిచేసరికి ఒకటి అర్థమైంది. ఫలితం తెలిసినవాడికే తీరిక ఉంటుంది. బంతి వెనక పరుగెత్తనక్కర్లేదు, మిగతా ఎనిమిది మంది ఏం చేస్తున్నారో చూడవచ్చు.

అలా చూస్తుంటే కంటబడ్డవాడు మార్క్ లెమ్కీ. బ్రేవ్స్ రెండో బేస్ దగ్గర ఆడే పొట్టివాడు. బ్యాటింగ్‌కు పేరున్నవాడు కాదు. అట్లాంటాలో జరిగిన మూడో మ్యాచ్ పన్నెండో ఇన్నింగ్స్ దాకా, అర్ధరాత్రి దాటిపోయేదాకా సాగింది. ట్విన్స్‌కు పంపడానికి బ్యాటర్లు మిగలక చివరికి పిచర్ రిక్ అగిలేరాకు బ్యాటు ఇచ్చి పంపారు, అదీ మూడు బేసుల మీదా మనుషులున్నప్పుడు. అతను అవుటయ్యాడు. ఆ ఇన్నింగ్స్ రెండో సగంలో లెమ్కీ కొట్టిన దెబ్బకు డేవిడ్ జస్టిస్ ఇంటికి చేరి మ్యాచ్ గెలిపించాడు. మర్నాడు నాలుగో మ్యాచ్‌లోనూ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మూడో బేస్ దాకా పరుగెత్తి గెలుపు పరుగు చేసింది లెమ్కీయే. సిరీస్ మొత్తం మీద అతని బ్యాటింగ్ సగటు .417, అంటే పదిసార్లు బ్యాటు పడితే నాలుగుసార్లకు పైగా కొట్టి బేస్ చేరాడు. బ్రేవ్స్ గెలిచి ఉంటే సిరీస్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి ఆ ఇంటికే వెళ్ళేది. మూడో మ్యాచ్‌ను పెద్దాయన స్టేడియంలో కూర్చుని చూశారట. తెల్లారి ఎనిమిదికి డ్యూటీ, అయినా కదల్లేదన్నారు. లెమ్కీ పేరు ఎత్తితే ముఖం వెలిగింది. "అయినా లోనీ..." అని మళ్ళీ అక్కడికే వచ్చారు.

సరే, అక్కడికే వద్దాం.

ఏడో మ్యాచ్, ఎనిమిదో ఇన్నింగ్స్, 0-0. అవతల పిచర్ జాక్ మారిస్, 36 ఏళ్ళవాడు, మినియాపాలిస్‌ను ఆనుకుని ఉన్న సెయింట్ పాల్‌లో పుట్టినవాడు. ఈ సిరీస్‌లో అతనికిది మూడో మ్యాచ్, మూడు రోజుల విశ్రాంతితో దిగాడు. ఇవతల బ్రేవ్స్ పిచర్ జాన్ స్మోల్ట్జ్, 24 ఏళ్ళ కుర్రవాడు. మిషిగన్‌లో పెరిగాడు, చిన్నప్పుడు డెట్రాయిట్ జట్టులో ఉన్న ఈ మారిస్‌నే ఆరాధించాడు. ఇద్దరూ చెరో వైపు తలుపులు మూసేసి కూర్చున్నారు.

లోనీ సింగిల్ కొట్టి మొదటి బేస్ చేరాడు. తర్వాత బ్యాటు పట్టింది టెర్రీ పెండిల్టన్, ఆ ఏడాది నేషనల్ లీగ్ మొత్తానికీ అత్యుత్తమ ఆటగాడు. మారిస్ బంతి వదులుతుండగానే లోనీ రెండో బేస్ వైపు లంకించుకున్నాడు. అలా ముందుగా కదిలినవాడు ఒకసారి తల తిప్పి బంతి ఎటు పోయిందో చూసుకోవాలి. లోనీ చూడలేదు. పెండిల్టన్ కొట్టిన బంతి ఎడమవైపు, ఇద్దరు ఫీల్డర్లకూ అందకుండా గోడ దాకా పోయింది. మొదటి బేస్ మీద నుంచి బయల్దేరినవాడు నింపాదిగా ఇంటికి చేరవలసిన దెబ్బ. ఈలోగా ట్విన్స్ కుర్రాడు చక్ నాబ్లాక్, లేని బంతిని నేల మీంచి ఏరినట్టు వంగి, రెండో బేస్ మీదికొస్తున్న గ్రెగ్ గాగ్నీకి విసిరినట్టు నటించాడు. లోనీ రెండో బేస్ దాటి ఆగాడు, అటూ ఇటూ చూశాడు, బంతి గోడ దగ్గర కనిపించాక కదిలాడు. మూడో బేస్ దాకానే చేరగలిగాడు.

నాబ్లాక్ నటనకు తాను బోల్తా పడలేదని, బంతి ఎటు పోయిందో కనిపించకే ఆగానని లోనీ తర్వాత చెప్పాడు. నాకు ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది. నాబ్లాక్ చేతిలో బంతి ఉందని నమ్మినవాడు రెండో బేస్ మీదికి జారుతూ పడాలి. లోనీ నిలబడే దాటాడు. మెట్రోడోమ్ కప్పు లోపల 55 వేల మంది అరుస్తుంటే, మూడో బేస్ దగ్గరి కోచ్ ఏమన్నా చెవికెక్కదు. అయినా చూడాల్సింది చూడలేదు కదా అంటారు. ఒప్పుకుంటాను. తప్పు జరిగింది.

అరనిమిషం వీడియో ఇక్కడ అయిపోతుంది. మనం చూస్తూనే ఉందాం.

ఇప్పుడు బ్రేవ్స్ పరిస్థితి ఏమిటి? మూడో బేస్ మీద లోనీ, రెండో బేస్ మీద పెండిల్టన్, ఒక్కరూ అవుట్ కాలేదు. బేస్‌బాల్‌లో ఇలాంటి స్థితి వచ్చినప్పుడు పదింట ఎనిమిది సార్లకు పైగా కనీసం ఒక పరుగు వస్తుంది. బంతిని గాలిలోకి కాస్త దూరం లేపితే చాలు, అది క్యాచ్ అయినా లోనీ ఇంటికి పరుగెత్తవచ్చు. బ్యాటు పట్టుకున్నది రాన్ గ్యాంట్, ఆ సీజన్‌లో 32 హోమ్‌రన్లు (బంతిని గోడ దాటించే దెబ్బలు) బాదినవాడు. గ్యాంట్ కొట్టిన బంతి నీరసంగా మొదటి బేస్ వైపు దొర్లింది. ఒకరు అవుట్, ఎవరూ కదల్లేదు. ట్విన్స్ మేనేజర్ టామ్ కెల్లీ మైదానంలోకి వచ్చి మారిస్‌తో మాట్లాడి, తర్వాతి బ్యాటర్ జస్టిస్‌ను కావాలనే మొదటి బేస్‌కు పంపించేశాడు. బేసులన్నీ నిండాయి. వచ్చినవాడు సిడ్ బ్రీమ్, మోకాళ్ళు పాడై పరుగు మందగించినవాడు. బ్రీమ్ కొట్టిన బంతి కూడా మొదటి బేస్ దగ్గరున్న కెంట్ హర్బెక్‌కే వెళ్ళింది. హర్బెక్ దాన్ని ఇంటి బేస్ దగ్గరుండే క్యాచర్ బ్రయన్ హార్పర్‌కు విసిరాడు. ఇంటికి వస్తున్న లోనీ అవుట్. హార్పర్ తిరిగి హర్బెక్‌కు విసిరాడు. బ్రీమ్ కూడా అవుట్. ఇన్నింగ్స్ అయిపోయింది.

ఈ రెండో విసురు చూడండి, నెమ్మదిగా ఆపి ఆపి చూడండి. ఆరున్నర అడుగులకు కాస్త తక్కువ ఎత్తున్న హర్బెక్ బంతి విసిరేసి, ఆ భారీ కాయంతో గిరుక్కున తిరిగి, మళ్ళీ బేస్ మీదికొచ్చి చేయి చాపుతాడు. హార్పర్ ఇంటి బేస్ తొక్కిన కాలు తీస్తూనే, దారిలో ఉన్న బ్రీమ్ భుజం పక్క నుంచి విసరాలి. అర అడుగు పక్కకు పోతే పెండిల్టన్ ఇంటికి వచ్చేవాడు, ఒక పరుగు. పోలేదు. మారిస్ గాలిలోకి పిడికిలి విసిరాడు. మొత్తం సిరీస్‌లో నాకు నచ్చిన బంతి ఇది. హోమ్‌రన్ కాదు, డైవ్ కాదు, అందుకని ఎవరూ పోస్టరు వేయరు.

కాబట్టి లెక్క ఇది. లోనీ తప్పు వల్ల ఒక పరుగు ఆలస్యమైంది. ఆ పరుగు రాకుండా పోయింది గ్యాంట్, బ్రీమ్ కొట్టలేకపోవడం వల్ల, అవతల మారిస్, హర్బెక్, హార్పర్ బాగా ఆడటం వల్ల. ఐదో ఇన్నింగ్స్‌లో కూడా మొదటి, మూడో బేసుల మీద మనుషులుండి, ఒక్కరే అవుటయి ఉండి, బ్రేవ్స్ పరుగు తీయలేదు. దాని గురించి ఎవరూ మాట్లాడరు, అక్కడ ఆగిపోయిన మనిషి లేడు గనక.

ఈ రోగం ఒక్క అట్లాంటాది కాదు. నా తరం తెలుగువాళ్ళకు 1986 ఏప్రిల్ 18 అంటే షార్జా గుర్తొస్తుంది. ఆఖరి బంతికి నాలుగు కావాలి, చేతన్ శర్మ వేశాడు, మియాందాద్ సిక్స్ కొట్టాడు. మా వీధిలో చేతన్ శర్మను తిట్టని పిల్లవాడు లేడు. 216 దగ్గర ఒకే వికెట్ పోయిన భారత జట్టు 245కే ఎందుకు ఆగిపోయింది అని ఒక్కరూ అడగలేదు. ఆ మ్యాచ్‌లో మూడు వికెట్లు తీసింది ఆ చేతన్ శర్మే. మరుసటి ఏడాది నాగపూర్‌లో ప్రపంచ కప్ చరిత్రలో తొలి హ్యాట్రిక్ కూడా అతనిదే. అయినా షార్జా అంటే ఆ ఒక్క బంతే.

ఒక మనిషిని పట్టుకుని అంతా వాడి వల్లే అనడంలో దుఃఖం ఎంతుందో అహం అంత ఉందని నాకు అనిపిస్తుంది. "మా చేతులారా పోగొట్టుకున్నాం" అంటే, మీరు గెలవలేదు, మేం వదిలేస్తే మీకు దొరికింది అని. ఓడినవాడు గెలిచినవాడి దగ్గర గెలుపు కూడా లాక్కుంటున్నాడు. లోనీ మీద పడే ప్రతి నిందా మారిస్ వేసిన పది ఇన్నింగ్స్‌ను కాస్త కాస్త కొరికేస్తుంది. ఒంటి చేత్తో పది ఇన్నింగ్స్, 126 బంతులు, సున్నా పరుగులు. తొమ్మిదో ఇన్నింగ్స్ అయ్యాక కెల్లీ అతన్ని దించేద్దామనుకుంటే దిగనన్నాడు. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ అదనపు ఇన్నింగ్స్‌కు వెళ్ళడం 1924 తర్వాత అదే మొదటిసారి. అలాంటి మనిషి చేతిలో ఓడిపోవడం తప్పా? అవతలివాడు బాగా ఆడితే ఓడిపోకూడదా?

పెద్దాయనతో ఈ వాదన పెట్టుకున్నాను. ఆయన దగ్గర ఒక మంచి బాణం ఉంది. పదో ఇన్నింగ్స్‌లో ట్విన్స్ ఆటగాడు డాన్ గ్లాడెన్ కొట్టినప్పుడు బ్యాటు విరిగింది, బంతి ఫీల్డర్ల ముందు పడి కృత్రిమ పచ్చిక మీద ఎత్తుగా ఎగిరింది. ఎవడైనా మొదటి బేస్ దగ్గర ఆగేవాడు. గ్లాడెన్ ఆగకుండా రెండో బేస్ కొట్టేశాడు. నాబ్లాక్ బంతిని నేల మీద మెల్లిగా దొర్లించి అతన్ని మూడో బేస్‌కు పంపాడు. బ్రేవ్స్ ఇద్దరిని కావాలని బేసులకు పంపి, ఫీల్డర్లందరినీ ముందుకు లాగింది. జీన్ లార్కిన్ వాళ్ళ తలల మీదుగా కొట్టాడు. గ్లాడెన్ ఇంటికి వచ్చాడు, సిరీస్ అయిపోయింది. "చూశావా, ఒకడు పరుగెత్తాడు, ఒకడు ఆగాడు. అదే తేడా" అన్నారు పెద్దాయన. వినసొంపుగా ఉంది కానీ పోలిక కుదరదు. గ్లాడెన్ తాను కొట్టిన బంతి వెనక తాను పరుగెత్తాడు, అది ఎక్కడ పడిందో కళ్ళెదుటే ఉంది. లోనీ ఇంకొకరు కొట్టిన బంతిని వెతుక్కుంటున్నాడు. ఆయన ఒప్పుకోలేదు. ఐస్ ముక్కలు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళారు.

మినియాపాలిస్‌లో మా మేనత్త కొడుకు ఉంటాడు. పదిహేనేళ్ళు మంచు తోడినందుకు ట్విన్స్ అభిమాని అయ్యాడు. అతనికి ఫోన్ చేసి రెండో రకం కేసు వేశాను. ఈ సిరీస్‌లో ఏడు మ్యాచ్‌లూ ఆతిథ్య జట్టే గెలిచింది. ట్విన్స్ 1987లో గెలిచిన సిరీస్‌లోనూ అంతే. ఆ రెండు సిరీస్‌లు కలిపితే సొంత మైదానంలో ఎనిమిదికి ఎనిమిది, బయట ఆరింట సున్నా. ఆ రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు ఎవరి మైదానంలో జరగాలన్నది ఒక ఏడాది ఒక లీగ్‌కు, మరో ఏడాది ఇంకో లీగ్‌కు వంతులవారీగా వచ్చేది. అంటే మీ రెండు కప్పులూ క్యాలెండర్ ఇచ్చినవే కదా అన్నాను.

"బావా, ఓడినవాళ్ళకే లెక్కలెక్కువ" అన్నాడు. అని ఊరుకోలేదు, లెక్క తనూ వేశాడు. 2003 నుంచి 2016 దాకా, ఇరు లీగుల మేటి ఆటగాళ్ళు ఏటా ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్ గెలిచిన లీగ్‌కు ఆ అవకాశం ఇచ్చారు. 1991 ఆల్‌స్టార్ గెలిచింది అమెరికన్ లీగే, అంటే ట్విన్స్ వైపే. 2017 నుంచి ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన జట్టుకు ఇస్తున్నారు. 95, 94లో ఏది పెద్దది? మూడు నిబంధనల్లో ఏది పెట్టినా ఏడో మ్యాచ్ మెట్రోడోమ్‌లోనే. 1987 సంగతి అడిగితే మాత్రం మాట మార్చాడు. అప్పుడు ట్విన్స్ గెలిచినవి 85, ఎదుటి సెయింట్ లూయిస్ కార్డినల్స్ గెలిచినవి 95.

ఆ మెట్రోడోమ్ కూడా మామూలు కట్టడం కాదు. గాలి ఒత్తిడితో నిలబడే గుడ్డ కప్పు, తెల్లగా ఉండేది, పైకి లేచిన బంతి అందులో కలిసిపోయేది. అక్కడ నిర్వాహకుడిగా పనిచేసి రిటైరైన ఒకాయన, మ్యాచ్ చివర్లో ట్విన్స్ బ్యాటింగ్‌కు సాయంగా ఫ్యాన్లు వేసేవాడినని చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. అట్లాంటావాళ్ళు ఆ మాటను పట్టుకుని ఆరో మ్యాచ్‌లో కిర్బీ పకెట్ కొట్టిన హోమ్‌రన్‌ను కూడా గాలికి జమకట్టేస్తారు. ఇది నాకు మరీ పిల్లచేష్టగా తోస్తుంది. ఆ రాత్రి పకెట్ మూడో ఇన్నింగ్స్‌లో గోడ మీదికెగిరి గ్యాంట్ బంతిని పట్టాడు, పదకొండో ఇన్నింగ్స్ మొదట్లోనే ఛార్లీ లీబ్రాంట్ బంతిని జనంలోకి పంపి 4-3తో గెలిపించాడు. గోడ మీదికి ఎగరేసింది ఏ ఫ్యాన్? వ్యాఖ్యాత జాక్ బక్ అప్పుడన్న "రేపు రాత్రి కలుద్దాం" అన్న మాటను, సరిగ్గా ఇరవై ఏళ్ళకు మరో సిరీస్ ఆరో మ్యాచ్‌లో ఆయన కొడుకు జో బక్ తన నోట పలికాడు. పకెట్‌కు ఆ తర్వాత మంచి రోజులు ఎక్కువ మిగల్లేదు. గ్లకోమాతో 1996లో ఆట ఆగిపోయింది. 2001లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. వ్యక్తిగత జీవితం మీద తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి, 2003లో ఒక కేసులో జ్యూరీ నిర్దోషి అంది. 2006లో, 45 ఏళ్ళకే పోయాడు. ఆ హోమ్‌రన్ చూసి ఎగిరి గంతేసే ట్విన్స్ అభిమానులు కూడా అతని గురించి మాట్లాడేటప్పుడు ఇప్పుడు మాటలు ఏరుకుంటారు.

నిజంగా అన్యాయం జరిగిందని అట్లాంటా ఏడవదలిస్తే రెండో మ్యాచ్ ఉంది. మూడో ఇన్నింగ్స్‌లో గ్యాంట్ మొదటి బేస్‌కు తిరిగొచ్చి కాలు మోపాడు. హర్బెక్ బంతి తాకిస్తూ అతని కాలిని ఎత్తి బేస్ మీంచి తప్పించాడు. అంపైర్ డ్రూ కోబుల్, గ్యాంట్ తన ఊపుకే పక్కకు వెళ్ళాడని అవుట్ ఇచ్చాడు. వీడియో ఎన్ని వైపుల నుంచి చూసినా నాకు హర్బెక్ చేయే కనిపిస్తుంది. బ్రేవ్స్ ఆ మ్యాచ్ ఒక్క పరుగుతో, 3-2తో ఓడింది. ఇరవై ఏళ్ళకు ట్విన్స్ యాజమాన్యం ఆ దృశ్యాన్నే తల ఊపే బొమ్మగా చేయించి అభిమానులకు పంచింది, గ్యాంట్ కాలు హర్బెక్ చేతిలో ఉన్నట్టుగా! ఇంతకన్నా నిజాయితీగల నేరాంగీకారం నేను చూడలేదు.

మొత్తం మ్యాచ్‌లు చూస్తే మనకు అక్కర్లేనివి కూడా వినిపిస్తాయి. అట్లాంటాలో జరిగిన మూడు రాత్రులూ వేలమంది స్పాంజి చేతిగొడ్డళ్ళు ఊపుతూ, మూలవాసుల యుద్ధగీతం అనుకుని ఎవరో కట్టిన రాగం తీస్తూనే ఉంటారు. జట్టు యజమాని టెడ్ టర్నర్, సినీ నటి జేన్ ఫోండా కూడా ఊపుతూ కెమెరాకు చిక్కారు. మినియాపాలిస్‌లో 1968లో పుట్టిన అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ మెట్రోడోమ్ బయట నిరసనకు దిగింది. ముఖ్యాంశాల వీడియోల్లో ఆ నిరసన ఉండదు. 2019లో సెయింట్ లూయిస్ పిచర్ రయన్ హెల్స్‌లీ, చెరోకీ జాతివాడు, ఇది మమ్మల్ని అవమానించడమేనని చెప్పాక, కొద్ది రోజులకు అట్లాంటాలో జరిగిన మ్యాచ్‌కు స్పాంజి గొడ్డళ్ళు పంచడం ఆపారు. 2021లో కప్పు గెలిచేనాటికి రాగం యథాతథం. క్లీవ్‌లాండ్, వాషింగ్టన్ జట్లు మూలవాసుల మీద పెట్టుకున్న తమ పేర్లే మార్చుకున్నాయి. మేం మా జట్టును ప్రేమిస్తాం, ఎవరినీ తక్కువ చేయడం లేదు అంటారు ఇక్కడివాళ్ళు, నిజంగానే అలా అనుకుంటారు కూడా. పేరు పెట్టించుకున్నవాళ్ళను అడగకుండా గౌరవించామనుకోవడం నాకు మింగుడుపడదు. మా పిల్లలు స్టేడియంకు వచ్చినప్పుడు ఊపరు, నేను చెప్పి మాన్పించిందేమీ లేదు. పెద్దాయన మాత్రం ఊపుతారు.

అట్లాంటా ఎవరిని క్షమించింది, ఎవరిని క్షమించలేదు అన్నదే నాకు వింతగా ఉంటుంది. ఆ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బేసులన్నీ నిండి ఉండగా ఒక్క దెబ్బకు ఇద్దరిని అవుట్ చేయించిన సిడ్ బ్రీమ్ ఇక్కడ దేవుడితో సమానం. ఏడాది తిరగకముందే, 1992 అక్టోబరు 14న, పిట్స్‌బర్గ్ పైరేట్స్ మీద తొమ్మిదో ఇన్నింగ్స్ ఆఖరి అవుట్ మిగిలి ఉండగా, ఫ్రాన్సిస్కో కబ్రెరా కొట్టిన బంతికి ఆ పాడైన మోకాళ్ళతోనే రెండో బేస్ నుంచి పరుగెత్తుకొచ్చి, జారుతూ ఇంటి బేస్ తాకి జట్టును మళ్ళీ వరల్డ్ సిరీస్‌కు చేర్చాడు. పిట్స్‌బర్గ్ ఆ తర్వాత వరసగా ఇరవై సీజన్లు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువగా చూసింది. బ్రీమ్ పాత ఖాతా మొత్తం ఆ ఒక్క పరుగుతో కొట్టేశారు. సంతోషం. మరి లోనీ ఖాతా?

లోనీ స్మిత్ అంతకుముందే మూడు వేర్వేరు జట్లతో వరల్డ్ సిరీస్ గెలిచినవాడు: 1980లో ఫిలడెల్ఫియా, 1982లో సెయింట్ లూయిస్, 1985లో కాన్సస్ సిటీ. 1991 సిరీస్‌లోనే అట్లాంటాలో జరిగిన మూడు మ్యాచ్‌లలోనూ వరసగా మూడు హోమ్‌రన్లు కొట్టాడు. మూడో మ్యాచ్, నాలుగో మ్యాచ్ ఒక్కొక్క పరుగుతో గెలిచారని మరిచిపోవద్దు. అతని బ్యాటు లేకుంటే సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వచ్చేదా అన్నది కూడా అడగాలి కదా. పెద్దాయనను అడిగాను. "వచ్చేది కాదు" అన్నారు. కాసేపాగి, "అయినా తల తిప్పి చూడాల్సింది" అన్నారు.

చివరి సాక్ష్యం టొరంటోలో ఉంది. 1992 వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్. మారిస్ అప్పటికి టొరంటో బ్లూ జేస్‌కు మారాడు, ఆ రాత్రి పిచింగ్ అతనిదే. ఐదో ఇన్నింగ్స్‌లో మళ్ళీ డేవిడ్ జస్టిస్‌నే కావాలని బేస్‌కు పంపించారు, తర్వాతి వాడు తేలికని. తర్వాతి వాడు లోనీ స్మిత్. బేసులన్నీ నిండి ఉన్నాయి. లోనీ ఆ బంతిని కుడివైపు గోడ దాటించి నాలుగు పరుగులు తెచ్చాడు, బ్రేవ్స్ 7-2తో గెలిచింది. ఆ మ్యాచ్ కూడా ఇంటర్నెట్‌లో మొత్తం దొరుకుతుంది. తర్వాతి మ్యాచ్‌లో టొరంటో కప్పు ఎత్తుకుపోయింది గనక అట్లాంటాలో దాన్ని వెతికి చూసేవాళ్ళు తక్కువ.